నీలగిరి వేసవులు

ఉగాది పచ్చడి రుచి నాలుక మీద ఉండగానే మన ఇళ్ళలో మొదలయ్యే ప్రశ్న ఒకటున్నది: "ఈ ఎండలకు పిల్లలను ఎక్కడికి తీసుకొని పోదాము?" కోయంబత్తూరు, తిరుప్పూరు, ఈరోడు, సేలము, తిరుచ్చి, చెన్నపట్నము - ఎక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబమైనా సరే, ఈ ప్రశ్నకు వచ్చే మొదటి జవాబు ఊటీ. ఉన్నవారు నాలుగు రోజులుండి వస్తారు. లేనివారు తెల్లవారుజామున బయలుదేరి రాత్రికి తిరిగి వస్తారు. రైల్వేలో గుమాస్తాలుగా పనిచేసే మావంటి వారికి వేసవి అనగానే సెలవులకన్న ముందు రద్దీ జ్ఞాపకము వస్తుంది. ఏప్రిలు, మే నెలలలో మేట్టుపాళెము పేరు మా చెవిని పడని రోజుండదు.

వెళ్ళి వచ్చినవారు తమతో తెచ్చే వస్తువులు మనకందరికీ తెలిసినవే. నీలగిరి తైలము సీసా, టీ పొడి పొట్లము, చాక్లెట్లు, కొన్ని ఫొటోలు. కొండ చరిత్రను తెచ్చినవారు మాత్రము తక్కువ. "ఊటీ తెల్లవారు కట్టిన ఊరు" అన్న ఒక్క మాటతో మన పిల్లలకు కథ ముగిసిపోతున్నది. ఆ మాటలో సగమే సత్యమున్నది. మిగిలిన సగమును మాకు తెలిసినంతవరకు ఈ సంచికలో మనవి చేయదలచినాము. పరాయి గడ్డ మీద తరతరాలుగా బ్రతుకుతున్న మనకు ఆ సగములో నేర్చుకొనవలసినది చాల ఉన్నదని మా నమ్మకము.

కొండ పాతది, ఊరు కొత్తది

నీలగిరి పేరు ఇంగ్లీషువారు పెట్టినది కాదు. క్రీ. శ. 1117 నాటి హొయసల శాసనములోనే నీలాద్రి ప్రస్తావన ఉన్నది. విష్ణువర్ధనుని దండనాయకుడైన పుణిసుడు తోడవులను భయపెట్టి ఆ కొండను గెలుచుకొన్నాడని ఆ శాసనము చెబుతున్నది. అనగా తొమ్మిది వందల ఏళ్ళ క్రితమే తోడవులు ఆ కొండమీద ఉన్నారు, వారిని బయటివారు ఎరుగుదురు. పన్నెండేళ్ళకొకసారి కొండ వాలులను నీలముగా కప్పే నీలకురింజి పూవు వలననే ఆ పేరు వచ్చినదని చాలమంది అభిప్రాయము.

ఆ కొండమీద అయిదు జాతులవారు ఒకరి చేయి ఒకరు పట్టుకొని బ్రతికినారు. తోడవులు గేదెలను మేపి పాలు, నెయ్యి ఇచ్చేవారు. కోతలు కుండలు చేసి, ఇనుము కొట్టి, పెళ్ళికీ చావుకూ వాద్యము పలికించేవారు. బడగలు నేల దున్ని ధాన్యము పండించేవారు. కురుంబలు, ఇరుళలు అడవినుండి తేనె, మూలికలు తెచ్చేవారు. రూపాయి చేతులు మారకుండనే ఈ ఇచ్చిపుచ్చుకొనుట సాగినది. మన పల్లెలలో కుమ్మరికీ కమ్మరికీ కళ్ళములో ధాన్యము కొలిచి ఇచ్చిన పద్ధతి ఎరిగిన పెద్దలకు ఇది వింతగా తోచదు.

ఈ అయిదుగురిలో బడగల సంగతి మన తెలుగువారు ప్రత్యేకముగా తెలుసుకొనదగినది. బడగ అంటే వడక్కున, అనగా ఉత్తరమునుండి వచ్చినవాడని అర్థము. వారి భాష కన్నడమునకు దగ్గర. మైసూరు సీమనుండి కొన్ని వందల ఏళ్ళ క్రితము కొండెక్కి వచ్చినారనీ, 1565లో విజయనగరము కూలిన తరువాతి కల్లోలములో వచ్చినవారే ఎక్కువమంది అనీ చెబుతారు. ఇక తమిళులు మనలను పూర్వము ఏమని పిలిచినారు? వడుగరు అని. ఆ మాటకు కూడా ఉత్తరాదివారనే అర్థము. కోయంబత్తూరు, మధుర, తిరునెల్వేలి ప్రాంతములలోని మన కుటుంబములు పెక్కు విజయనగర రాజుల కాలములో, నాయకరాజుల కాలములో దక్షిణానికి వచ్చినవే. కొండమీద బడగలు, కొండ క్రింద వడుగలు! ఒకే పేరు, ఒకే కారణము, ఇంచుమించు ఒకే కాలము. ఊటీకి వెళ్ళే తోవలో కేత్తి లోయలో క్యారెట్టు, ఉర్లగడ్డ మడులు చూచి "ఎంత అందము" అని మనము మురిసిపోయేటప్పుడు, ఆ మడులు దున్నినవారు మనవలెనే వలస వచ్చినవారని తెలిసికొంటే ఆ చూపు కొంచెము మారుతుంది.

ఉదకమండలము అని నేడు వ్రాస్తున్న ఊరిపేరు కూడా తోడవులదే. తోడవుల పల్లెను మందు అంటారు. ఆ మాటను ఇంగ్లీషువారు మండ్ అని వ్రాసుకొని, ఊటకమండ్ అని పలికి, చివరకు ఊటీ అని కుదించినారు.

ఇంకొక చిత్రమున్నది. జలుబు చేస్తే మన అమ్మలు గుడ్డమీద రెండు చుక్కలు వేసి పీల్చమనే నీలగిరి తైలము తీసే చెట్టు నీలగిరిది కాదు. అది ఆస్ట్రేలియా దేశపు యూకలిప్టసు. ఊటీలో చలికి పొయ్యి కట్టెలు చాలక, 1843లో ఆ చెట్టును తెచ్చి నాటడము మొదలుపెట్టినారు. అది వేగముగా పెరిగి, గడ్డి మైదానములను ఆక్రమించి, నేలలోని తడిని తాగి, ఆ కొండ పేరునే తన పేరుగా చేసికొన్నది. తెలుగులో దానిని మనము నీలగిరి చెట్టు అనియే పిలుస్తాము. వచ్చినవాడు ఇంటి యజమాని పేరు పెట్టుకొని యజమానినే బయటకు నెట్టినట్లయినది. వలస వచ్చినవారు రెండు విధములుగా ఉండవచ్చునని ఈ కొండే చెబుతున్నది. బడగలది ఒక విధము, యూకలిప్టసుది ఇంకొక విధము.

దొరలు ఎండనుండి పారిపోయినది

1815లో కోయంబత్తూరుకు కలెక్టరుగా వచ్చిన జాన్ సలివన్ 1819లో కొండెక్కి చూచినాడు. అక్కడి చలికి, పచ్చికకు ముగ్ధుడై 1822లో ఊటీలో రాతి బంగళా కట్టసాగినాడు. చెరువు త్రవ్వించినాడు, ఉర్లగడ్డ, యవలు మొదలైన సీమ పంటలు వేయించినాడు. ఈయనను గురించి ఒక మంచిమాట చెప్పవలెను. కొండ నేలమీద తోడవులకు సంపూర్ణమైన హక్కున్నదని ఆయన ప్రభుత్వముతో వాదించినాడు. పైవారు ఆ వాదము అంగీకరించలేదు. తోడవుల మేత భూములు క్రమముగా బంగళాలకు, తోటలకు, సైన్యమునకు పోయినవి. సలివన్ భార్య, కుమార్తె 1838లో మరణించి ఊటీలోని సెయింట్ స్టీఫెన్స్ చర్చి ఆవరణలో ఉన్నారు. 1830లో పూర్తి అయిన ఆ చర్చి దూలములు శ్రీరంగపట్టణములోని టిప్పు సుల్తాను మహలునుండి కొండమీదికి ఈడ్చుకొని వచ్చినవని ప్రసిద్ధి.

తెల్లవారు అంత ఎత్తుకు ఎందుకు పోయినారు? చల్లగాలి కోసమని మనము అనుకొంటాము. అది ఒక కారణమే. రెండవది చావు భయము. మైదానములలో మలేరియా, కలరా సిపాయిలనూ దొరలనూ ఒకే రీతిగా తీసికొనిపోయేవి. చలి కొండమీద జ్వరము తగ్గుతుందని నమ్మి రోగులను పైకి పంపేవారు. ఆ జ్వరపు మందు కూడా తరువాత ఆ కొండమీదనే పండినది. దక్షిణ అమెరికా నుండి తెచ్చిన సింకోనా మొక్కలను 1860 తరువాత ఊటీ దగ్గర, నడువట్టము దగ్గర పెంచినారు. దాని బెరడు నుండి క్వినైను తీసినారు. నడువట్టములో ఆ పని చేసినవారిలో చైనా ఖైదీలు కూడా ఉన్నారు. వేసవి విడిది అనే మాట వెనుక ఇటువంటివారి చెమట ఎంత ఉన్నదో మనము ఎంచము.

1834లో గవర్నరు జనరలు బెంటింక్ ఆరోగ్యము కోసము ఊటీలో ఉండగా, ఇంగ్లండునుండి మదరాసు రేవులో దిగిన మెకాలే దొర ఆయనను కలిసికొనుటకు అంతదూరము పల్లకీలో ప్రయాణము చేసినాడు. ఆ మనిషే మరుసటి సంవత్సరము మన దేశపు చదువు ఇంగ్లీషులో ఉండవలెనని వ్రాసినవాడు. ఆ కాలములో కొండకు తోవ అంటే బోయీల భుజాలు, కూలీల తలలు, ఎద్దుల మెడలు. దొరసాని పియానో మొదలు వంట పాత్రల వరకు అన్నీ మనుషులే మోసినారు.

1870 ప్రాంతమునుండి మదరాసు ప్రభుత్వము వేసవి రాగానే కాగితములతో, గుమాస్తాలతో ఊటీకి తరలిపోవుట రివాజైనది. సంవత్సరములో కొన్ని నెలలు రాజధాని కొండమీదనే. మదరాసు పత్రికలు దీనిని విమర్శిస్తూ వచ్చినవి. ఇది మన తెలుగువారికి సంబంధించిన చరిత్ర కూడా. విశాఖపట్నము, గోదావరి, కృష్ణ, నెల్లూరు, కడప, కర్నూలు, బళ్ళారి జిల్లాలన్నీ అప్పుడు మదరాసు రాజధానిలోనివే. తెలుగు రైతు పెట్టుకొన్న అర్జీ మండుటెండలో ఎడ్లబండి మీదా రైలు మీదా ప్రయాణము చేసి చివరకు చలిమంట ప్రక్కన కూర్చున్న అధికారి బల్ల మీదికి చేరేది.

ఒక్క ఉదాహరణ చెబుతాము. డ్యూక్ ఆఫ్ బకింగ్‌హాం 1875 నుండి 1880 వరకు మదరాసు గవర్నరు. ఊటీలోని గవర్నరు భవనము, నేటి రాజభవనము, ఆయన హయాములో లేచినదే. ఆ నడుమనే 1876-78 మహా క్షామము వచ్చినది. బళ్ళారి, కర్నూలు, కడప సీమలు ఆ కరువులో అన్నిటికన్న ఎక్కువగా దెబ్బ తిన్నవి. మన రాయలసీమ పెద్దలు ధాత కరువు అని చెప్పుకొనేది దీనినే. కొండమీద పూలు పూచిన ఆ ఏళ్ళలో కొండ క్రింది ఊళ్ళు ఖాళీ అయినవి. కడుపు చేత పట్టుకొని దక్షిణానికీ రంగూనుకూ నడిచిన కుటుంబములలో మన పూర్వులు ఎందరున్నారో! ఊటీ రాజభవనము ముందు ఫొటో తీసికొనేటప్పుడు ఈ ఒక్క సంగతి పిల్లలకు చెప్పినా చాలును.

వేసవి విడిది ఒకసారి చెరసాల కూడా అయినది. స్వపరిపాలనోద్యమము నడిపిన అనిబిసెంటమ్మను 1917 జూనులో ప్రభుత్వము నిర్బంధించగా, ఆమె ఊటీలో ఉండినది. తన ఇంటి తోటలో స్వపరిపాలన జెండా ఎగురవేసినది. దేశమంతా గగ్గోలు పుట్టి ఆ సెప్టెంబరులో ఆమెను విడుదల చేయవలసి వచ్చినది. మదనపల్లెలో 1915లో కళాశాల స్థాపించిన అనిబిసెంటమ్మ ఈమెయే కనుక తెలుగువారికి ఆమె పరాయిది కాదు.

పూల పండుగలు

నేడు మనము చూచే వేసవి ఉత్సవములకు మూలము ఊటీ ప్రభుత్వ ఉద్యానవనము. 1848లో ఇంగ్లండు క్యూ తోటలో పని నేర్చిన మెకైవర్ అనే తోటమాలి దీనిని తీర్చసాగినాడు. మొదటి ఉద్దేశము అందము కాదు, ధర తగ్గించి కూరగాయలు అందించుట. తరువాత అది సుమారు 55 ఎకరముల తోట అయినది. 1896లో పుష్ప ప్రదర్శన మొదలైనది. అప్పుడు అది దొరల బంగళా తోటల పోటీ. నేడు లక్షలమంది జనము చూచే జాతర. 2024 మేలో జరిగినది 126వది. నూరవ ప్రదర్శన జ్ఞాపకముగా 1995లో గులాబి తోట వేసినారు. అది ఉన్న పేటకు విజయనగరము అని పేరు. ఆ పేరు వినగానే మన ఉత్తరాంధ్రవారికి సొంత ఊరు తలపునకు రాక మానదు. ఆ తోటకు 2006లో ప్రపంచ గులాబి సంఘముల సమాఖ్య ప్రశంస లభించినది.

కూనూరులో 1874లో వేసిన సిమ్స్ పార్కులో పండ్ల ప్రదర్శన, కోత్తగిరిలో కూరగాయల ప్రదర్శన, గూడలూరులో సుగంధ ద్రవ్యముల ప్రదర్శన - ఇవన్నీ మే నెల చుట్టూ జరిగే పండుగలు. వీటిలో మాకు కోత్తగిరిది మిక్కిలి ఇష్టము. పూవు చూచి ఆనందించుట సులభము. ముల్లంగిని, క్యారెట్టును, కోసుగడ్డను వేదిక మీద నిలిపి ఇది కూడా చూడదగినదే అనుట రైతుకు చేసే మర్యాద.

దొరల వినోదములలో కొన్ని పోయినవి, కొన్ని మిగిలినవి. 1882లో స్నూకరు ఆట నియమములు ఊటీ క్లబ్బు బల్ల మీద స్థిరపడినవని చెబుతారు. ఊరి నడిబొడ్డున గుర్రపు పందెములు నూరేళ్ళకు పైగా నడిచినవి. కౌలు బకాయిల తగాదా తరువాత 2024లో ప్రభుత్వము ఆ 52 ఎకరముల నేలను స్వాధీనము చేసికొన్నది.

నిదానమే ప్రధానము

కొండను సామాన్యునికి తెరచినది రైలు. ఇది మా ఉద్యోగాభిమానముతో చెప్పే మాట అని పాఠకులు అనుకొన్నా అనుకొనవచ్చును గాని, లెక్కలు చూడండి. 1854లోనే కొండ రైలు ఆలోచన వచ్చినది. డబ్బు చాలక, కంపెనీలు నిలువక, పని మొదలగుటకు 1891 అయినది. 1899 జూను 15న మేట్టుపాళెమునుండి కూనూరుకు బండి నడిచినది. 1908లో ఊటీ చేరినది. మొత్తము దాదాపు 46 కిలోమీటర్లు. అందులో 16 సొరంగములు, 250 వంతెనలు, 208 మలుపులు. మేట్టుపాళెము సముద్రమట్టమునకు సుమారు 1,070 అడుగుల ఎత్తున ఉంటే, ఊటీ 7,228 అడుగుల ఎత్తున ఉన్నది.

కల్లారు దాటగానే అసలు ఎక్కుడు మొదలవుతుంది. పన్నెండున్నర అడుగులు ముందుకు పోతే ఒక అడుగు పైకి. ఇంతటి ఎక్కుడులో నునుపైన పట్టా మీద నునుపైన చక్రము జారిపోవును. అందుకని కల్లారునుండి కూనూరు వరకు రెండు పట్టాల నడుమ పళ్ళున్న ఇనుప కడ్డీలు పరచినారు. మా వాళ్ళు దానిని ర్యాకు అంటారు. స్విట్జర్లండు ఇంజనీరు రోమన్ ఆబ్ట్ కనిపెట్టిన పద్ధతి ఇది. కడ్డీలు రెండు ప్రక్కప్రక్కనే ఉంటవి. ఒకదాని పన్ను ఉన్నచోట రెండవదానికి సందు ఉంటుంది. ఇంజను క్రింది పళ్ళ చక్రము ఎప్పుడూ ఏదో ఒక పన్ను పట్టుకొనే ఉంటుంది. మన ఊళ్ళలో కొబ్బరిచెట్టు ఎక్కేవాడు ఒక పట్టు కుదిరిన తరువాతనే ఇంకొక పట్టు వదలినట్లు.

ఇంజను ముందుండి లాగదు, వెనుకనుండి నెట్టుతుంది. పెట్టెలకు ముందువైపున బ్రేకుమనిషి నిలుచుంటాడు. గార్డు సంజ్ఞలు చూచి ఒక్కొక్కరు తమ పెట్టె బ్రేకును తామే పట్టుతారు. ఎక్కుటకు దాదాపు అయిదు గంటలు, దిగుటకు సుమారు మూడున్నర గంటలు. దేశములో ఇంత నెమ్మదిగా పోయే బండి వేరొకటి లేదు. ఆడర్లీ, హిల్‌గ్రోవ్, రన్నీమేడ్ అని నిర్జనమైన చిన్న స్టేషన్లలో ఇంజను నీళ్ళు తాగుతుంది. ఆ కాసేపట్లో పిల్లలు దిగి కోతులను చూస్తారు, పెద్దలు డబ్బా విప్పి పులిహోర పంచుతారు. తరువాత కాటేరి, కూనూరు, వెల్లింగ్టన్, అరువంకాడు, కేత్తి, లవ్‌డేల్, ఊటీ.

స్విట్జర్లండు వింటర్‌థూర్ నుండి వచ్చిన పాత ఇంజన్లు అరిగిపోతున్నప్పుడు, తిరుచ్చి పొన్మలై కార్ఖానాలో మనవారే 2011 నుండి కొత్త ఆవిరి ఇంజన్లు తయారుచేసి కొండెక్కించినారు. 2005లో యునెస్కోవారు ఈ రైలును ప్రపంచ వారసత్వముగా గుర్తించినారు. ఇంజను గొప్ప, ఇంజనీరు గొప్ప అందరూ చెప్పుకొంటారు. రాయి పేల్చినవారు, కట్టెలు మోసినవారు, రాత్రి వర్షములో పట్టా మీది రాళ్ళు తొలగించే గ్యాంగుమనుషులు ఏ ఫలకము మీదా లేరు. వారి పని మీదనే ప్రతి సంవత్సరము బండి నడుస్తున్నది. ఈశాన్య ఋతుపవనములలో కొండ చరియలు పడి తోవ మూతపడినప్పుడు, మళ్ళీ కూత వినిపించిందంటే అది వారి పుణ్యమే.

కొండ దిగివచ్చిన వెలుగు

నీలగిరికీ మన కుటుంబములకూ వేసవి ఒక్కటే బంధము కాదు. పైకారా నది జలపాతము మీద కట్టిన విద్యుత్కేంద్రము 1932లో పని మొదలుపెట్టినది. ఆ కరెంటు కొండ దిగి కోయంబత్తూరు చేరిన తరువాత నూలు మిల్లులు ఒకదాని వెంట ఒకటి లేచినవి. 1910లో లక్ష్మీ మిల్లు స్థాపించిన జి. కుప్పుస్వామి నాయుడు గారు, యంత్రముల మేధావి జి. డి. నాయుడు గారు తెలుగు మాటలాడే కుటుంబములవారే. ఆ మిల్లులలో కదురుల దగ్గర నిలిచిన మనవారు వేలకొలది. అంటే కొండ మనకు సెలవు ఇచ్చుటకు ముందే పని ఇచ్చినది.

స్వాతంత్ర్యము తరువాత రాజధాని కొండెక్కుట ఆగినది, జనము కొండెక్కుట మొదలైనది. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రము వేరైనప్పుడు నీలగిరి మదరాసు రాష్ట్రములోనే నిలిచినది. అయినా తెలుగువారు ఊటీని వదలలేదు. సినిమాలు ఆ బంధమును ఇంకా బిగించినవి. 1982లో తమిళములో వచ్చి తెలుగులో వసంత కోకిలగా మనవారి కంట నీరు పెట్టించిన చిత్రములోని చివరి ఘట్టము కేత్తి స్టేషనులో తీసినదే. 1998లో రైలు పెట్టెలమీద నాట్యము చేసిన హిందీ పాట కూడా ఈ బండి మీదిదే. తెలుగు గడ్డమీద కూడా ఇటువంటి విడుదులు లేకపోలేదు. మదనపల్లె దగ్గరి ఏనుగు మల్లమ్మ కొండమీద కడప కలెక్టరు హార్స్లీ బంగళా కట్టుకొనగా అది హార్స్లీ కొండలైనది. మల్లమ్మ పేరు వెనుకకు పోయినది. తోడవుల మందుకు పట్టిన గతియే అక్కడా పట్టినది.

అతిథి ధర్మము

ఇప్పుడు కొండ పరిస్థితి ఏమి? 2011 జనాభా లెక్కలలో నీలగిరి జిల్లా జనము ఏడు లక్షల ముప్పదియైదు వేలు. వేసవిలో రోజుకు దాదాపు 20,000 వాహనములు ఎక్కుతున్నవని మదరాసు హైకోర్టు ముందు తేలినది. అందువలన 2024 మే 7 నుండి బయటి వాహనములకు ఇ-పాసు తప్పనిసరి చేసినారు. 2025 వేసవిలో మామూలు రోజులలో 6,000, వారాంతములలో 8,000 వాహనములకు మించి రానీయరాదని ఉత్తర్వు వచ్చినది. 2024 ఏప్రిలు చివరలో ఊటీలోనే 29 డిగ్రీల వేడి నమోదైనది. చలి కోసము మనము పరుగెత్తితే చలి మనకన్న ముందు పరుగెత్తుతున్నది. 2009 నవంబరులో కొండచరియలు విరిగి నలభైమందికి పైగా మరణించినారు. వాలులు కోసి కట్టిన మేడలు, చెట్టు లేని మడులు, దారి మూసిన వాగులు అటువంటి ఆపదలను పెంచేవే.

ఒకప్పుడు దొరలు వందలమంది వచ్చి నేల తీసికొన్నారు. ఇప్పుడు మనము లక్షలమంది వచ్చి నీళ్ళు తీసికొంటున్నాము. మే నెలలో ఊటీవాసులు బిందెలు పట్టుకొని నిలుచుంటే, మన విడిది గదిలో వేడినీళ్ళు కారుతూనే ఉంటవి. వారు చరిత్రలో తప్పు చేసినారని వ్రాయుట మనకు సులభమే. మన వంతు మాట వచ్చేసరికి "నేనొక్కడిని పోతే ఏమి" అంటాము.

పరాయి ఊరిలో ఎట్లా ఉండవలెనో మన పెద్దలకు తెలిసినంతగా మరెవరికీ తెలియదు. వచ్చిన ఊరి భాష నేర్చుకొన్నారు, ఆ ఊరి అమ్మవారికి పొంగలి పెట్టినారు, చెరువులో తమ వంతు మట్టి తీసినారు, ఇంట మాత్రము తెలుగు నిలుపుకొన్నారు. అందువలననే నేడు మన సంఘము ఈ ఊరిలో తలయెత్తుకొని ఉగాది చేసికొనగలుగుతున్నది. ఆ ధర్మమునే నాలుగు రోజుల ప్రయాణమునకు కూడా పట్టుకొని పోదాము.

అందుకు మేము చెప్పదలచినవి చిన్న సంగతులు. సాధ్యమైతే మే నెల వదలి, జనము పలుచగా ఉన్న నెలలలో వెళ్ళండి. పూల ప్రదర్శన చూడవలెనని పిల్లలు పట్టుపడితే ఒక్క కారుకు బదులు రైలు లేదా బస్సు ఎక్కండి. రైలు టిక్కెట్టుకు ముందుగా రిజర్వు చేసికొనకపోతే దొరకదని మా హెచ్చరిక. ప్లాస్టిక్ సీసాలు, సంచులు క్రిందనే వదలండి. మన తాతల కాలపు కూజా, గుడ్డ సంచి ఏ కొండకైనా పనికివస్తవి. కల్లారు అడవి ఏనుగుల తోవ అని మరువకండి, కోతులకు చిరుతిండ్లు వేయకండి. తోడవుల మందుకు పోతే వారి గుడి మనకు వినోదము కాదని పిల్లలకు ముందే చెప్పండి. తెల్లని గుడ్డమీద ఎరుపు, నలుపు దారములతో తోడవు స్త్రీలు కుట్టే శాలువకు 2013లో భౌగోళిక గుర్తింపు వచ్చినది. బజారులో బేరమాడి నకలు కొనకుండా, కుట్టిన చేతికే డబ్బు అందేటట్లు కొనండి. బడగ రైతు దగ్గర రెండు కిలోల క్యారెట్టు కొనేటప్పుడు "ఎప్పుడు వచ్చినారు మీ పెద్దలు?" అని ఒక మాట అడగండి. మన పెద్దల కథ వంటి కథే వినబడవచ్చును.

పిల్లలకు ఫొటోతో పాటు ఒక వాక్యము కూడా తెచ్చి ఇద్దాము. ఈ ఊరు తోడవుల నేలమీద, కూలీల భుజాలమీద, కరువు ఏళ్ళ పన్నుల మీద లేచినదనీ, బడగల నాగలివలన నిలిచినదనీ, గ్యాంగుమనుషుల చేతులవలన నేటికీ చేరగలుగుతున్నామనీ. ఈ మాట తెలిసిన పిల్లవాడు కొండమీద కాగితము పారవేయుటకు కూడా వెనుకాడుతాడు.

వేపపూత చేదు, కొత్త బెల్లము తీపి రెండూ కలిపి తిన్న ఈ పర్వదినమున, చరిత్రలోని చేదును కూడా ఇష్టముగానే స్వీకరిద్దాము. సంఘ సభ్యులందరికీ, వారి కుటుంబములకూ నూతన సంవత్సర శుభాకాంక్షలు. ఈ వేసవి కొండకూ, కొండ క్రింది మనకూ చల్లగా గడచుగాక.